తెర మీద తప్పు దొరకాలంటే ఇన్‌స్పెక్టర్ తెరవాలా, కోడ్ చదవాలా?

కుప్పం కోడర్:
అన్నలకూ అక్కలకూ నమస్కారం. తిరుపతిలో ఒక చిన్న ఆఫీసులో ఫ్లట్టర్‌తో (ఫోన్ యాప్‌లు కట్టే పనిముట్టు) యాప్‌లు చేస్తా ఉండా. చేరి ఎనిమిది నెలలైంది. మాది పాల సేకరణ యాప్. పాలు పోసిన రైతుకు లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాని గట్టి పదార్థం), డబ్బు తెర మీద చూపించాలి. మొన్న ఒక తెరలో ‘మొత్తం’ అనే మాటకు కింద వత్తు తెగిపోయి ‘మొతం’ అని కనిపించింది. కన్సోల్‌లో (తప్పులు రాసి చూపే చోటు) ఒక్క ఎర్ర లైను కూడా లేదు. కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లోనే విజెట్ ఇన్‌స్పెక్టర్ (తెర మీది ఏ ముక్క ఏ కోడ్‌దో చూపే పనిముట్టు, ఆ ముక్కలే విజెట్లు) తెరిచి, సెలెక్ట్ విజెట్ మోడ్ పెట్టి, ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్) ఆ మాట మీద నొక్కినా. ఎడిటర్ నేరుగా ఆ లైనుకు పోయింది. దాని చుట్టూ ఎవరో సైజ్డ్‌బాక్స్ అనే పెట్టె పెట్టి ఎత్తు 18 అని కట్టేసినారు. అక్షరం సైజు 16. ఇంగ్లీషుకైతే సరిపోయేది, మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, చోటు చాలలేదు. రెండు నిమిషాల పని. మా సీనియర్ వెనక నిలబడి చూసి, ‘అది మూసెయ్, కోడ్ చదివి చెప్పు’ అన్నారు, అందరి ముందరా. నేను చేసింది తప్పా?

అలిపిరి మెట్లు:
తప్పేం లేదు చెల్లీ. పనిముట్టు ఉండేదే వాడడానికి. తాళంచెవి చేతిలో పెట్టుకొని గోడ దూకమంటే ఎట్ల?

పాకాల జంక్షన్:
మీ సీనియర్ చెప్పింది సరైన మాట, చెప్పిన తీరు సరి కాదు. పదమూడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఆండ్రాయిడ్‌లో జావాతో మొదలుపెట్టినవాణ్ణి. ఫ్లట్టర్‌లో లేఅవుట్ అంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది. హద్దులు పైనుంచి కిందికి దిగుతాయి, కొలతలు కిందనుంచి పైకి పోతాయి, ఎక్కడ కూర్చోవాలో పేరెంట్, అంటే బయటి విజెట్, నిర్ణయిస్తుంది. ఇది బుర్రకెక్కితే 18 అనే అంకె చూడగానే చెయ్యి ఆగుతుంది. పోయిన ఏడు నా దగ్గర ఒక అబ్బాయి చేరాడు. ఇన్‌స్పెక్టర్‌లో టకటకా నొక్కి విజెట్ పట్టేస్తాడు. ‘ఈ రో (అడ్డ వరస) లోపల టెక్స్ట్ ఎందుకు పక్కకి పొంగింది?’ అంటే నోరు తెరవడు. ఎక్స్‌పాండెడ్ (వరసలో మిగిలిన చోటంతా ఇచ్చే విజెట్) ఒకసారి పెడతాడు, పోకపోతే తీస్తాడు, మళ్లీ ఇంకోచోట పెడతాడు. నాలుగు నెలలు జీతమిచ్చి నేర్పించాను. నేర్చుకొని బెంగళూరు పోయాడు.

రేణిగుంట రైలు:
నాది 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్. ఎమ్యులేటర్, వీఎస్ కోడ్, డెవ్‌టూల్స్ (ఇన్‌స్పెక్టర్ ఉండేది ఇందులోనే) మూడూ కలిసి తెరిస్తే మౌస్ కూడా కదలదు. ఈ చర్చ నాలాంటోళ్లది కాదు.

మామిడి తోపు:
రేణిగుంట అన్నా, ఎమ్యులేటర్ వద్దు, ఫోన్ కేబుల్‌తో పెట్టు. ఫోన్‌లోనే ఇంకొకటి కూడా ఉంది. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో షో లేఅవుట్ బౌండ్స్ పెట్టు, ప్రతి బటన్‌కూ పెట్టెకూ గీతలు పడతాయి.

పాకాల జంక్షన్:
అది ఆండ్రాయిడ్ సొంత వ్యూలకు. ఫ్లట్టర్ తన తెరను తానే గీసుకుంటుంది కాబట్టి లోపలి విజెట్లకు ఆ గీతలు రావు. ఫ్లట్టర్‌లో అలాంటి గీతలు కావాలంటే కోడ్‌లో డీబగ్‌పెయింట్‌సైజ్‌ఎనేబుల్డ్ అనేదాన్ని ట్రూ చేయాలి. చూశారా, నేను చెప్పేది ఇదే. పనిముట్టు పేరు తెలుసు, అది దేన్ని కొలుస్తుందో తెలియదు.

మామిడి తోపు:
సరే, తెలిసింది.

పాకాల జంక్షన్:
ఇంకొకటి. రెండు నిమిషాలు అన్నారు. ఎమ్యులేటర్ లేవడానికి పట్టిన సమయం, డీబగ్‌లో (తప్పులు వెతికేందుకు నడిపే తీరులో) యాప్ ఎక్కడానికి పట్టిన సమయం లెక్కలో వేశారా?

కుప్పం కోడర్:
అప్పటికే నడస్తా ఉండాది అన్నా. హాట్ రీలోడ్‌తో (యాప్ ఆపకుండానే మార్పు చూపేది) పని చేస్తా ఉండా.

పాకాల జంక్షన్:
అయితే ముందు పట్టిన సమయం ఎవరి ఖాతాలో వేయాలి?

అలిపిరి మెట్లు:
రెండు నిమిషాల దగ్గరే పట్టుకొని కూర్చున్నారు. పది నిమిషాలే అనుకుందాం. నలభై ఫైళ్ల ప్రాజెక్టు, రాసినవాళ్లు వెళ్లిపోయారు, కామెంట్లు లేవు. ‘మొత్తం’ అనే మాట పదకొండు చోట్ల ఉంటే ఏ ఒక్కటి ఈ తెర మీదిదో వెతకడానికి గంట పట్టదా? నేను చిత్తూరులో తెలుగు మీడియంలో చదివాను. మొదటి ఆఫీసులో ఏదైనా అడిగితే ‘గూగుల్ చేయి’ అనేవాళ్లు. మీరు చెప్పే హద్దులు, కొలతల సూత్రం నాకు ఏ సీనియరూ చెప్పలేదు, ఇన్‌స్పెక్టర్‌లోని లేఅవుట్ ఎక్స్‌ప్లోరర్ చెప్పింది. రో ఎంత వెడల్పు, అందులోని లోపలి విజెట్‌కు ఎంత వచ్చింది, ఎంత మిగిలింది, బొమ్మ గీసి చూపిస్తుంది. ఫ్లెక్స్ విలువ (చోటులో ఎవరికి ఎంత వాటా) అక్కడే మార్చి చూస్తే తెర మారుతుంది. పక్కన కూర్చొని చెప్పేవాడు లేనివాళ్లకు అది గురువు. దాన్ని మూసెయ్ అంటే నా పుస్తకం లాక్కున్నట్టు ఉంటుంది. ఒక ఇంటర్వ్యూలో కూడా ఇదే జరిగింది. లాప్‌టాప్ ఇచ్చి, ఇన్‌స్పెక్టర్ వాడకుండా తప్పు పట్టమన్నారు. పట్టలేకపోయాను. ఇంటికొచ్చి పది నిమిషాల్లో పట్టాను. ఉద్యోగం అయితే పోయింది.

చంద్రగిరి కోట:
రెండూ కావాలి. ఎందుకు కొట్లాట?

పాకాల జంక్షన్:
రెండూ చాలవు. ఇక్కడ అందరూ ‘నేను ఎట్ల పట్టాను’ అనే చెప్తున్నారు. పట్టనిదాని సంగతి ఎవరూ అడగరు. పలమనేరు దగ్గర ఒక పాల కేంద్రానికి నేనే యాప్ చేసిచ్చాను. ఆ తెర రాసింది నేను చెప్పిన అబ్బాయే. అతని ఎమ్యులేటర్‌లో అంతా సరిగ్గా ఉంది, ఇన్‌స్పెక్టర్‌లో ప్రతి పెట్టే కొలిచి చూపించాడు. బిల్లు రోజు ఒక పెద్దాయన ఫోన్ పట్టుకొని కేంద్రానికి వచ్చాడు. పదిహేను రోజులు రోజుకు ఏడు లీటర్లు పోసిన మనిషి. తెర మీద 386 రూపాయలు. అసలు అంకె 3864. చూపు ఆనక ఆయన ఫోన్‌లో అక్షరాల సైజు చివరిదాకా పెంచుకున్నాడు. ఎడమ పక్క మాట పెద్దదై డబ్బును కుడికి తోసింది, చివరి 4 తెర దాటిపోయింది. డీబగ్‌లో అయితే పసుపు నలుపు చారలు వచ్చి అరిచేవి. జనానికి ఇచ్చే రిలీజ్ బిల్డ్‌లో చారలు రావు, అంకె గమ్మున మాయమైపోతుంది. ‘మా పాలు మింగినారు’ అని ఆయన పదిమందిలో అన్న మాట నేను నిలబడి విన్నాను. కేంద్రం నడిపే ఆమె ఏడ్చింది. మీ ఇన్‌స్పెక్టర్ మీ ఫోన్‌ను చూపిస్తుంది. ఆయన ఫోన్‌ను చూపించలేదు.

అలిపిరి మెట్లు:
విన్నాక బాధగానే ఉంది. కానీ అన్నా, దీంట్లో ఇన్‌స్పెక్టర్ తప్పేముంది? కోడ్ చదివితే ఆ పెద్దాయన ఫోన్ కనిపించేదా? మీరు ఆ కోడ్ చదివే కదా రిలీజ్ చేశారు?

పాకాల జంక్షన్:
చదివాను.

అలిపిరి మెట్లు:
మరి? అక్షరాల సైజు పెంచి చూడమని ఆ అబ్బాయికి ఎవరైనా చెప్పారా? పలమనేరు తీసుకెళ్లి పాలు పోసేవాళ్ల ఫోన్లు చూపించారా? నాలుగు నెలల జీతం లెక్క చెప్పారు, ఒక్క రోజు బస్సు ఛార్జీ చెప్పలేదు. తప్పు పిల్లోడి మీదికి, వాడు వాడిన పనిముట్టు మీదికి తోస్తున్నారు.

పాకాల జంక్షన్:
బస్సు ఛార్జీ ఎవరిస్తారు? తెరకు ఇంత అని మాట్లాడుకొని పని తీసుకుంటాం. ఆరు తెరలు, ఆరింటికే డబ్బు. రైతు ఫోన్‌లో చూసి రావడానికి ఒక రోజు అని బిల్లులో రాస్తే క్లయింట్ కొట్టేస్తాడు, రెండుసార్లు కొట్టేశాడు. ఆఫీసులో కూర్చొని చేసే అబ్బాయి అయినా అన్ని సైజుల్లో చూడాలి, అది అతని పని అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

అలిపిరి మెట్లు:
నేను అట్ల అనుకోను. చెప్పని పని, డబ్బివ్వని పని కొత్తగా చేరినవాడి పని ఎట్ల అవుతుంది? మొదటినుంచీ మనం కొట్లాడుతున్నది దీని గురించే, ఇన్‌స్పెక్టర్ గురించి కాదు.

మోడరేటర్:
మాటలు మనుషుల మీదికి పోతున్నాయి. విషయం మీద ఉండండి.

కుప్పం కోడర్:
ఈ 386 చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మా యాప్‌లోనూ అదే రో ఉంది, ఎడమ మాట, కుడి డబ్బు. పొద్దున్నే మా జేజి ఫోన్ కేబుల్‌తో పెట్టి, డిస్‌ప్లేలో అక్షరాల సైజు చివరిదాకా జరిపి, డీబగ్‌లో యాప్ ఎక్కించినా. మూడు తెరల్లో చారలు వచ్చినాయి. ఇన్‌స్పెక్టర్‌తో ఆ మూడు ‘రో’ విజెట్లనూ పట్టినా. ఎడమ మాటను ఎక్స్‌పాండెడ్‌లో పెడితే మాట రెండు వరసలకు దిగింది, డబ్బు పూర్తిగా నిలబడింది. 18 ఎత్తు తీసేసి పైనా కిందా ప్యాడింగ్ ఇచ్చినా, వత్తు వచ్చింది. ఆ వత్తు తెగినప్పుడు మాత్రం ఏ చారలూ రాలేదు. పెట్టె పొంగితే ఫ్లట్టర్ చెప్తుంది, పెట్టె లోపల అక్షరం తెగితే చెప్పదు, కంటితో చూసుకోవాల్సిందే. మా జేజి చూసి ‘ఇప్పుడు అగుపడతా ఉండాది’ అనింది. పాకాల అన్నా, ఇదంతా నాకు మూడు గంటలు పట్టింది, ఆదివారం.

పాకాల జంక్షన్:
వత్తు సంగతి నేనెప్పుడూ గమనించలేదమ్మా, నా పాత తెరలు చూసుకోవాలి. ఆ మూడు గంటలు సోమవారం మీ సీనియర్‌కు రాతలో చెప్పండి.

అలిపిరి మెట్లు:
రాతలో చెప్పి, టైమ్‌షీట్‌లో కూడా వేసుకో చెల్లీ.

పాకాల జంక్షన్:
టైమ్‌షీట్‌లో వేస్తే ఎవరు ఒప్పుకుంటారో నాకు చెప్పండి, నేనూ అక్కడికే వస్తాను.