అమ్మని ఒలాఫుర్ ఎలియాసన్ ప్రదర్శనకి తీసుకెళ్లొచ్చా? (2019 నాటి చర్చ)

ఈస్ట్‌హామ్ అమ్మాయి:
అమ్మ గుంటూరు నుంచి వచ్చింది, సంక్రాంతికి తిరిగి వెళ్లిపోతుంది. లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో ఎలియాసన్ అనే కళాకారుడి ‘ఇన్ రియల్ లైఫ్’ ప్రదర్శన 2020 జనవరి 5 దాకా ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, కాస్త ఆయాసం. లోపల పొగమంచు నింపిన దారి ఒకటి ఉందని విని భయపడుతున్నాను. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

థేమ్స్‌గట్టు:
తప్పకుండా తీసుకెళ్లండి. నేను మా అత్తయ్యగారితో వెళ్లాను.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే పసుపు వెలుగు మీద పడుతుంది. ఆ దీపాల్లో పసుపు తప్ప ఇంకో రంగు కాంతి లేదు, అందుకని మనుషులూ బట్టలూ అన్నీ పసుపు, నలుపు, బూడిద రంగుల్లోకి దిగిపోతాయి. అత్తయ్య కట్టుకున్నది ఎర్రంచు ఆకుపచ్చ వెంకటగిరి చీర. అంచేదో చీరేదో తెలియలేదు. “నా చీరకేమైందే అమ్మాయ్” అంటూ కొంగు కళ్ల దగ్గర పెట్టుకుని చూసుకున్నారు.

ఎక్కువసేపు మాత్రం ‘బ్యూటీ’ దగ్గర ఉండండి. 1993లో చేసింది. చీకటి గది, పైనుంచి సన్నటి తుంపర, దాని మీదికి ఒక దీపం. అంతే. నీటిబొట్టులో విరిగిన వెలుగు మన కంటికి చేరే కోణంలో నిలబడితేనే ఇంద్రధనుస్సు కనిపిస్తుంది, అడుగు పక్కకేస్తే జారిపోతుంది. “అదుగో” అని అత్తయ్య వేలు పెట్టి చూపించిన చోట నాకేమీ లేదు, నాది ఇంకోచోట ఉంది. కోణం ఎవరి కంటికి వాళ్లదే మరి. ఆవిడ వంగి చూశారు, చెయ్యి చాపి తడి చూసుకున్నారు, పిలిస్తే రాలేదు! ఫోటోలు చూసి ఈ ప్రదర్శన ఎలా ఉంటుందో తేల్చుకోవద్దని నేననేది ఇందుకే.

పొగమంచు దారి 39 మీటర్లు. కాస్త ముందున్న మనిషి కూడా కనపడడు. ఆయాసం ఉందంటున్నారు కాబట్టి అది వదిలేయండి, మిగతావి చాలు.

కొత్తపేట రాజు:
నాకైతే సైన్సు ఎగ్జిబిషన్‌లా అనిపించిందండీ. అందరూ రంగు నీడల గోడ ముందు సెల్ఫీలే.

థేమ్స్‌గట్టు:
రాజుగారూ, సెల్ఫీల గోల నిజమే. కానీ ఆ గోడ దగ్గరే పిల్లలు ఏం చేస్తున్నారో చూశారా? నేల మీద వరసగా ఉన్న రంగు దీపాలన్నీ కలిసి గోడని తెల్లగా చేస్తాయి. మనం అడ్డం నిలబడితే ఒక్కో దీపానికి ఒక్కో రంగు నీడ. ఎవరూ చెప్పకుండానే పిల్లలు దీపాల దగ్గరికెళ్లి నీడ పెంచుకుంటున్నారు, పక్కవాళ్ల నీడతో ఆడుకుంటున్నారు. 2003లో ఇదే టేట్‌లోని టర్బైన్ హాల్ అనే పెద్ద హాల్లో ఎలియాసన్ దీపాల సూర్యుణ్ణి పెట్టినప్పుడూ అంతే, పైకప్పు అద్దంలో తమని వెతుక్కుంటూ జనం నేలమీద పడుకున్నారు. 2018 డిసెంబరులో గ్రీన్‌లాండ్ మంచుగడ్డలు 24 బయట పెడితే చేతులు ఆనించి కరగడం చూశారు. నా మటుకు నాకు కళ అంటే ఇదే. జనం చెయ్యి వెయ్యకపోతే సగం పనే జరిగినట్టు.

ఈస్ట్‌హామ్ అమ్మాయి:
చాలా థాంక్స్ అక్కా. కూర్చునే వీలుందా? అమ్మ శాకాహారి, తినడానికేమైనా దొరుకుతుందా?

థేమ్స్‌గట్టు:
వీల్‌చైర్ అడిగితే ఇస్తారమ్మా, మొహమాటపడొద్దు. టెర్రస్ బార్‌లో బెర్లిన్‌లోని ఆయన స్టూడియో వంటగది తరహా శాకాహార భోజనం పెడుతున్నారు. మామూలు రోజున పొద్దున్నే వెళ్లండి, శని ఆదివారాలు తుంపర గదిలో నిలబడే చోటుండదు.