కామిక్‌ను సిరీస్‌గా తీసేటప్పుడు కథ మార్చొచ్చా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):
సూటిగా అడుగుతున్నాను. ఇష్టపడి చదివిన కామిక్‌ని సిరీస్‌గా తీసి కథ మార్చేస్తే మనకి కోపం రావడం న్యాయమేనా? నా మటుకు న్యాయమే. వడ్డాది పాపయ్య గారు పుట్టిన ఊరు మాది, బొమ్మ విలువ మాకు ఒకరు చెప్పక్కర్లేదు. కామిక్‌కి రాసినవాడు ఎంతో గీసినవాడూ అంతే. ఇద్దరూ ఏళ్ళ తరబడి కట్టుకున్న కథని టీవీ వాళ్ళు వచ్చి చెడగొడితే ఊరుకోవాలా? చచ్చినవాళ్ళు లేచి తిరిగే కథ ‘ద వాకింగ్ డెడ్’ ఎనిమిదో సీజన్‌లో, హీరో రిక్ కొడుకు కార్ల్‌ని చంపేశారు. కామిక్‌లో చివరిదాకా బతికే పిల్లాడు! ఆ తర్వాత నేను ఆ సిరీస్ జోలికి పోలేదు. ఉన్నది ఉన్నట్టు తీయలేనివాళ్ళు సొంత కథ రాసుకోవాలి.

మూడులాంతర్లు (విజయనగరం):
కార్ల్ విషయంలో మీ కోపమే నా కోపం. కానీ ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాట మాత్రం ఒప్పుకోను. ఆ నియమం పెట్టుకుని ఉంటే కామిక్స్‌కే చాలా నష్టం జరిగేది.

మిస్టర్ ఫ్రీజ్ సంగతి చూడండి. 1959లో బ్యాట్‌మ్యాన్ కామిక్‌లోకి వచ్చినప్పుడు వాడి పేరు మిస్టర్ జీరో. మంచు తుపాకీ పట్టుకు తిరిగే మామూలు దొంగ. ఫ్రీజ్ అన్న పేరే 1966 టీవీ సీరియల్ పెట్టింది. తర్వాత 1992 యానిమేషన్ సిరీస్‌లో ‘హార్ట్ ఆఫ్ ఐస్’ ఎపిసోడ్ వచ్చింది, రాసింది పాల్ డీనీ. అందులో వాడికి నోరా అనే భార్య ఉంటుంది. నయం కాని జబ్బు. మందు కనిపెట్టేదాకా ఆమెని మంచులో నిద్రపుచ్చి ఉంచుతాడు. కంపెనీ పెద్ద వచ్చి ఖర్చు దండగని ఆ యంత్రం ఆపేయమంటాడు. చివర్లో జైలు గదిలో ఒంటరిగా కూర్చుని, గాజు బుడగలో నాట్యం చేసే చిన్న బొమ్మని చేతిలో పెట్టుకుని దానితో మాట్లాడతాడు. పిల్లల కార్టూన్ అది! చూసి గుండె బరువెక్కని వాళ్ళని నేను చూడలేదు. ఆ కథకి ఎమ్మీ వచ్చింది. కామిక్ వాళ్ళు కూడా పాత కథ వదిలేసి దీన్నే ఉంచుకున్నారు. జోకర్ జోడీగా కనిపించే హార్లీ క్విన్ అయితే పుట్టిందే ఆ టీవీ సిరీస్‌లో.

మీరు గీసినవాడి మాట ఎత్తారు కాబట్టి ‘వాచ్‌మెన్’ గురించి చెప్పాలి (కథ చెప్పేస్తున్నాను, చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి). కామిక్‌లో హుడెడ్ జస్టిస్ అని తొట్టతొలి ముసుగు వీరుడు ఉన్నాడు. తలకి ముసుగు, మెడలో ఉరితాడు. డేవ్ గిబ్బన్స్ అలా గీశారు. వాడెవడో కామిక్ ఖాయంగా చెప్పదు. 2019లో వచ్చిన సిరీస్, ఆ ఉరితాడు ఎందుకు ఉందని అడిగింది. వాడొక నల్లజాతి పోలీసు. తోటి పోలీసులే చెట్టుకి ఉరి తీయబోయి వదిలేస్తే, ఆ తాడు మెడలో ఉండగానే వీధిలో నడిచొస్తూ మొదటిసారి ఒకళ్ళని కాపాడతాడు. ముసుగు ముఖం దాచడానికే కాదు, రంగు దాచడానికి కూడా. గీసిన బొమ్మలో ఒక్క గీత మార్చకుండా దానికి ఇంత కారణం ఇచ్చారు. గీసినవాడికి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?

మా ఊళ్ళో గురజాడ వారు 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని తనే దాదాపు తిరగరాసి 1909లో మళ్ళీ వేశారు. ఇవాళ మనం చదివేది ఆ రెండోదే. కథ మార్చడం తప్పు కాదు. మార్చాక పాత్రకి లోతు పెరిగిందా, తరిగిందా అన్నదే నేను చూసేది. కార్ల్ దగ్గర తరిగింది, అందుకే కోపం.

డే_అండ్_నైట్_జంక్షన్:
ఒక్క మాట. కామిక్‌లో పిల్లాడిని ఎన్నేళ్ళయినా అదే వయసులో గీయొచ్చు. టీవీలో 2010లో మొదలుపెట్టిన కుర్రాడు ఎనిమిదో సీజన్‌కి పెద్దవాడైపోయాడు. కథలో గడిచిన కాలం చూస్తే చాలా తక్కువ. వాళ్ళ ఇబ్బంది కూడా అర్థం చేసుకోవాలి కదా అన్నా.

మూడులాంతర్లు:
ఇబ్బంది నిజమే తమ్ముడూ, కానీ దారి కామిక్‌లోనే ఉంది. విలన్ నీగన్‌తో యుద్ధం అయ్యాక కామిక్ దాదాపు రెండేళ్ళు ముందుకి దూకుతుంది. సిరీస్ కూడా తొమ్మిదో సీజన్‌లో, రిక్ వెళ్ళిపోయాక, ఆరేళ్ళు దూకింది. అదే దూకుడు కార్ల్ ఉండగా దూకి ఉంటే వయసు గొడవే లేదు. కామిక్ 193వ సంచికతో 2019లో ముగిసింది. ఆ చివరి సంచికలో కార్ల్‌కి పెళ్ళయి కూతురు ఉంటుంది. శవాలు తిరిగే లోకంలో ఒక పిల్లాడు మనిషిగా ఎదగగలడా అన్న ప్రశ్నకి కామిక్ ఇచ్చిన జవాబు అది. ఆ జవాబు చెప్పాల్సిన పిల్లాడినే సిరీస్ లేకుండా చేసింది.

అలాగని అన్ని మార్పులూ తిట్టను. డారిల్ కామిక్‌లో లేనే లేడు, టీవీ కోసం పుట్టాడు. వాడు లేని సిరీస్ ఊహించగలరా?

నాగావళి_ఒడ్డు:
ఉరితాడు సంగతి బాగుంది, చూస్తాను. కానీ ‘వాచ్‌మెన్’ రాసిన ఆలన్ మూర్, సినిమాలో తన పేరే వేయొద్దన్నారు కదా. రాసినవాడికే ఇష్టం లేనప్పుడు మనం లోతు గురించి మాట్లాడటం ఏం న్యాయం?

మూడులాంతర్లు:
ఆయన పేరు లేకుండా వచ్చింది 2009 సినిమా. ముగింపు ఒకటి మార్చారు గానీ చాలా చోట్ల పేజీలో బొమ్మలే తెర మీద కనిపిస్తాయి. మీరు కోరుకునే పద్ధతికి అంత దగ్గరగా తీసినా ఆయన ఒప్పుకోలేదు. హక్కుల విషయంలో ‘వాచ్‌మెన్’ అచ్చేసిన డీసీ కంపెనీతో ఆయనకి ఏళ్ళనాటి తగాదా ఉంది. అందులో నేను ఆయన పక్షమే, రాసినవాడికి అన్యాయం జరగకూడదు. అయితే ఆ అన్యాయం కథ మార్చకుండా తీసినంత మాత్రాన తీరేది కాదు. ముందు సిరీస్ చూడండి, మొదటి ఎపిసోడ్ నుంచే. ఆరోది అయ్యాక రాయండి.