చిన్న ఊళ్లో జరిగే టీనేజ్ ప్రేమకథల సిరీస్ ఏదైనా చెప్తారా?

జెన్నీ హాన్ రాసిన ‘ద సమ్మర్ ఐ టర్న్‌డ్ ప్రెటీ’ సిరీస్ మూడు పుస్తకాలూ (2009, 2010, 2011) చదివేశాను. కథంతా హీరోయిన్ బెల్లీయే చెబుతుందనుకుంటే, రెండో పుస్తకంలో కొన్ని అధ్యాయాలు ఆమె ఇష్టపడే అన్నదమ్ముల్లో ఒకడైన జెరెమయా చెప్పడం భలే నచ్చింది. ఆ అన్నదమ్ములిద్దరిలో బెల్లీ ఎవరిని ఎంచుకుంటుందన్న గొడవ చివరిదాకా సాగడమే కాస్త విసుగు.

అలాంటిదే ఇంకో సిరీస్ కావాలి. కాకపోతే ఊరు బాగా కనిపించాలి. అందరికీ అందరూ తెలిసిన చోట ప్రేమను దాచడమే పెద్ద టెన్షన్. విడిపోయాక కూడా రోజూ ఒకే క్లాసులో మొహాలు చూసుకోవాలి కదా, ఆ ఇబ్బందిని బాగా రాసినవాళ్లు ఎవరు? ఒక్కో పుస్తకంలో ఒక్కో జంట కథ అయితే మరీ మంచిది. వాంపైర్లు మాత్రం వద్దండీ! వరుసగానే చదవాలా, మధ్యలోంచి మొదలుపెట్టొచ్చా అన్నది కూడా చెప్పండి.