ఉబుంటు లినక్స్ నుంచి మరో లినక్స్‌కు మారాలి: డెబియనా, ఆర్చా, ఫెడోరానా?

ప్రశ్న: ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్, పనంతా ప్రోగ్రామింగే. ఎవర్ని అడిగినా తాము వాడేదే మంచిదంటున్నారు. అసలు తేడా ఎక్కడుంది? మారేటప్పుడు హోమ్ పార్టిషన్ (సొంత ఫైళ్లుండే డిస్కు భాగం) అలాగే ఉంచుకోవచ్చా?

జవాబు 1: తేడా ప్యాకేజీల (ప్రోగ్రాముల కట్టల) వయసులో ఉందండీ. డెబియన్ స్టేబుల్ (దాని స్థిరమైన విడుదల) సుమారు రెండేళ్లకోసారి వస్తుంది. ఈలోగా వెర్షన్లు పెద్దగా మారవు, భద్రతా సవరణల్ని పాత వెర్షన్లోకే తెచ్చి కలుపుతారు. నిన్న నడిచిన స్క్రిప్టు రేపూ నడుస్తుంది, నాకు కావలసింది అదే. కొత్త కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ) కావాలంటే, స్టేబుల్ కోసం కొత్త వెర్షన్లు ఇచ్చే బ్యాక్‌పోర్ట్స్ రిపోజిటరీలో (ప్యాకేజీల నిల్వలో) దొరుకుతుంది. సిడ్ (ఇంకా స్థిరపడని అన్‌స్టేబుల్) రిపోజిటరీని మాత్రం స్టేబుల్‌తో కలపకండి. ఒక్క ప్యాకేజీ కోసం, దాదాపు అన్ని ప్రోగ్రాములూ ఆధారపడే గ్లిబ్‌సీ లైబ్రరీ కూడా కొత్తది దిగిపోతే వెనక్కి రావడం చాలా కష్టం. వైఫై చిప్‌కు కావలసిన ఫర్మ్‌వేర్ దొరకదన్న భయం పాతమాట, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది.

జవాబు 2: ఆర్చ్‌లో ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లే వస్తాయి, అందుకే ఊరికే పాడైపోతుందంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. చాలాసార్లు కారణం సగం అప్‌డేటే. ప్యాకేజీల జాబితాను తాజా చేసి, సిస్టమ్‌ను అప్‌గ్రేడ్ చేయకుండా ఒక్క ప్రోగ్రామే దించితే, దానికి కొత్త లైబ్రరీ కావాలి, మిగతావాటికి పాతదే కావాలి. ఆర్చ్ ప్యాకేజీ సాధనం పాక్‌మాన్‌తో ఎప్పుడూ మొత్తం ఒకేసారి చేయండి. ముందు ఆర్చ్ సైట్లో వార్తలు చూడండి, చేత్తో చేయాల్సిన పని ఏదైనా ఉంటే అక్కడే రాస్తారు. పక్కన ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం మద్దతుండే) కెర్నల్ కూడా ఉంచండి. ఎన్‌విడియాకు డీకేఎంఎస్ ప్యాకేజీ (ప్రతి కెర్నల్‌కూ డ్రైవర్‌ను బిల్డ్ చేసేది), రెండు కెర్నళ్ల హెడర్లూ (ఆ బిల్డ్‌కు కావలసిన ఫైళ్లు) వేస్తే ఒకటి బూట్ కాకపోయినా రెండోది ఆదుకుంటుంది.

జవాబు 3: ఈ రెంటికీ మధ్యన ఫెడోరా ఉంది. ఆరు నెలలకో విడుదల, ఒక్కోదానికి సుమారు 13 నెలల మద్దతు. అంటే ఒకటి వదిలేసి తర్వాతిదానికి వెళ్లొచ్చు. ఎన్‌విడియా డ్రైవర్‌ను ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి రిపోజిటరీ నుంచి తీసుకోవాలి. ఇన్‌స్టాల్ అవగానే రీబూట్ చేయకండి, డ్రైవర్ మాడ్యూల్ (కెర్నల్‌లో చేరే భాగం) బిల్డ్ కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. చాలామందికి నల్లతెర వచ్చేది ఇక్కడే. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని కోడ్‌ను ఆపేది) ఆన్‌లో ఉంటే సంతకపు కీని మాక్‌యుటిల్ అనే సాధనంతో నమోదు చేసి, రీబూట్‌లో వచ్చే నీలితెరలో ఒప్పుకోవాలి. లేదంటే డ్రైవర్ లోడ్ కాదు.

జవాబు 1 మళ్లీ: హోమ్ సంగతి ఎవరూ చెప్పలేదు. పార్టిషన్ ఉంచుకోవచ్చు, ఇన్‌స్టాలర్‌లో దాని ఎదురుగా ఫార్మాట్ గుర్తు తీసేయండి చాలు. మొదటి యూజర్ నంబర్ వీటన్నిటిలోనూ 1000 కాబట్టి ఫైళ్ల అనుమతులు చెడవు. చిక్కంతా సెట్టింగులతోనే. కొత్త వెర్షన్ ఫైర్‌ఫాక్స్ వాడిన ప్రొఫైల్‌ను (సెట్టింగులు, బుక్‌మార్కులుండే ఫోల్డర్‌ను) డెబియన్‌లోని పాత ఈఎస్‌ఆర్ (ఎక్కువకాలం మద్దతుండే ఫైర్‌ఫాక్స్) తెరవనంటుంది, కొత్త ప్రొఫైల్ చేసుకోమంటుంది. బుక్‌మార్కులు ముందే ఎగుమతి చేసి పెట్టుకోండి.