ఒక హైవే మీద చలానా, ఇంకో రోడ్డు మీద చూసీచూడనట్టు: ఇది సరైనదేనా?

రాదారి:
ఆరు వరుసల హైవే మీద లిమిట్ కాస్త దాటితే చాలు, స్పీడ్ గన్‌కి దొరికిపోతాం. డివైడర్ లేని రెండు వరుసల రోడ్డు మీద మాత్రం బండ్లు ఎంత దూసుకుపోయినా అడిగే దిక్కుండదు. చట్టం ఒకటే అయినప్పుడు అమలు రోడ్డుకో తీరుగా ఎందుకు?

గేరుమార్పు:
అన్ని రోడ్ల మీదా పోలీసులు ఉండలేరు కదండీ. బండ్లు, స్పీడు ఎక్కువ ఉన్న చోటే కాపలా కాస్తారు. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాలు సుమారు 4 శాతం పెరుగుతాయని స్వీడన్ పరిశోధకుడు నిల్సన్ లెక్క. హైవేకి అది వర్తించదా?

రాదారి:
వర్తిస్తుంది. మరి అదే లెక్క చిన్న రోడ్లకెందుకు వేయరు? ఎక్కడపడితే అక్కడ ఎక్కే వీల్లేని పెద్ద హైవేలో ఎదురుగా బండి రాదు, అడ్డంగా రోడ్డు కలవదు, పక్కన మనిషి నడవడు. తిరిగిన కిలోమీటర్లతో పోల్చి చూస్తే చాలా దేశాల్లో చావులు తక్కువగా ఉండేది ఇలాంటి రోడ్ల మీదే. రెండు వరుసల రోడ్డులో ఓవర్‌టేక్ తప్పితే నేరుగా ఎదురెదురు ఢీయే. ఫ్రాన్స్ 2018 జూలైలో డివైడర్ లేని రెండు వరుసల రోడ్ల మీదే లిమిట్‌ని గంటకి 90 కిలోమీటర్ల నుంచి 80కి దించింది, పెద్ద హైవేల 130 జోలికి పోలేదు. ప్రమాదం ఎక్కడుందో చూసి పెట్టిన నియమం అంటే అదీ.

పాతటైరు:
మీరిద్దరూ పోలీసు ఎక్కడ నిలబడగలడో మర్చిపోతున్నారు. బండిని పక్కకి ఆపడానికి జాగా కావాలి, దూరం నుంచి కనబడాలి. ఇరుకు రోడ్డు మలుపులో ఆపితే వెనకొచ్చేవాడు గుద్దేస్తాడు. పైగా ఎన్ని చలానాలు రాశారన్నదే పనితనానికి కొలత అయితే, గంటకి ఎక్కువ మంది దొరికే చోటే నిలబడతారు. డబ్బు కోణం ఎలాగూ ఉంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని వాల్డో ఊరు స్పీడ్ చలానాలకే పేరుమోసింది. ఇన్ని చలానాలు రాయాల్సిందేనని కోటా పెట్టారన్న ఆరోపణల తర్వాత 2014లో అక్కడ పోలీసు విభాగాన్నే ఎత్తేశారు. అదే దేశంలో మిస్సోరీ రాష్ట్రం అయితే ఊళ్ల ఆదాయంలో ట్రాఫిక్ జరిమానాల వాటాకి 1995లోనే చట్టంతో పరిమితి పెట్టింది.

గేరుమార్పు:
కావచ్చు. అంతమాత్రాన "వాణ్ణి వదిలేశారు కాబట్టి నన్నూ వదిలేయండి" అంటే కుదరదు. లిమిట్ దాటింది మనమే కదా?

రాదారి:
నన్ను వదిలేయమని ఎవరన్నారు? వాణ్ణీ పట్టుకోమంటున్నాను.

మైలురాయి:
దానికి మనిషే నిలబడాలని లేదు. స్పీడ్ గన్ కనబడగానే బ్రేక్, దాటగానే యాక్సిలరేటర్, ఇది అందరూ చేసేదే. రెండు చోట్ల నంబర్ ప్లేటు చూసి మధ్య దూరానికి పట్టిన టైముతో సగటు వేగం లెక్కించే కెమెరాలతో ఆ ఆట సాగదు. స్కాట్లాండ్‌లో ఏ9 రోడ్డు మీద 2014లో అవే పెట్టారు, అందులో చాలా భాగం డివైడర్ లేని రోడ్డే. స్వీడన్‌లోనూ కెమెరాలు ఎక్కువగా ఇలాంటి రోడ్ల మీదే, ముందే బోర్డు పెట్టి మరీ.

పాతటైరు:
కెమెరాకి స్పీడు తెలుస్తుంది. తాగి నడిపేవాడు, మలుపులో ఓవర్‌టేక్ చేసేవాడు లిమిట్ లోపలే ఉంటే దానికి దొరకరు. ఇప్పుడు హైవే మీదున్న వాళ్లలో కొందరినైనా ఆ రోడ్లకి పంపాల్సిందే. పంపేముందు బండి ఆపే జాగాలు కట్టమనండి.