కాలువగట్టు రోడ్డు మీద వంగిన క్రాష్ బారియర్: మరమ్మతు ఖర్చు పంచాయతీదేనా?

గట్టు ప్రయాణికుడు:
గోదావరి డెల్టాలోని మా మండలంలో కాలువగట్టు రోడ్డు మలుపు ఒకచోట ఇనుప క్రాష్ బారియర్, అంటే అదుపు తప్పిన బండి కాలువలో పడకుండా ఆపే అడ్డు, ఉంది. పోయిన పంటకాలంలో ధాన్యం లారీ ఒకటి దానిని గుద్ది కాలువ వైపు ఒరిగింది. డ్రైవరు బతికి బయటపడ్డాడు గానీ బారియర్ ఐదారు బారల మేర నీళ్ల వైపు వాలిపోయింది. నాటి నుంచి నేటి వరకు అక్కడున్న రక్షణ అంతా ఎర్రగుడ్డ కట్టిన రెండు వెదురు కర్రలు, ఇసుక నింపిన నాలుగు ఎరువుల బస్తాలు మాత్రమే. రోడ్డు చూసే శాఖ వారిని అడిగితే కొత్తవి వేయడానికి పద్దు ఉంటుంది గానీ ఉన్నవాటిని బాగుచేయడానికి విడిగా ఏమీ ఉండదంటారు. కాలువ చూసే శాఖ వారు గట్టు వరకే తమ బాధ్యత అంటారు.

మొన్నటి మండల సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు, రోడ్డు ఏయే పంచాయతీల గుండా పోతున్నదో ఆ పంచాయతీలే ఏటా కొంత సొమ్ము పక్కన పెట్టి బారియర్లను బాగుచేయించాలని ప్రతిపాదించారు. నేను ఆ ప్రతిపాదనను సమర్థిస్తున్నాను. వంగిన బారియర్‌ను ముందుగా చూసేది ఆ ఊరివారే, రాత్రి పూట ఆ మలుపు తిరిగేదీ ఆ ఊరివారే. జిల్లా కేంద్రంలో ఫైలు కదిలేలోపు ఇంకో బండి పడదని ఎవరు హామీ ఇస్తారు?

మాజీ సర్పంచ్:
అయ్యా, మీ ఆవేదన అర్థమైంది, కానీ పంచాయతీ ఖాతాలో ఏముంటుందో తెలిసి మాట్లాడితే బాగుండేది. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడి ఉన్న సొమ్ము. దానిలో ఒక్క రూపాయి తీసి ఇనుప స్తంభం పాతినా ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. మిగిలిన 40 శాతం లోంచే వీధిదీపాలు, మురుగు కాలువల మీది పలకలు, ఊళ్లోని సిమెంటు రోడ్లు చూసుకోవాలి. ఇంటిపన్ను వసూలు సంగతి నేను చెప్పనక్కర్లేదు. నేను పదవిలో ఉన్నప్పుడు బోరు మోటారు కాలిపోతే, రీవైండింగ్‌కు డబ్బు లేక మెకానిక్‌కు రెండు నెలలు బాకీ పడ్డాను.

డబ్బు కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డు భద్రతా ప్రమాణాల నిర్వహణకు బాధ్యులైనవారు వాటిని పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఈ రోజు బారియర్ నిర్వహణను తీర్మానం చేసి నెత్తికెత్తుకుంటే, రేపు ఆ మలుపులో ప్రమాదం జరిగినప్పుడు బోనులో నిలబడేది ఇంజనీర్లు కాదు, వేలిముద్ర వేసిన వార్డు సభ్యురాలు. అధికారం ఇవ్వకుండా బాధ్యత అప్పగించడమంటే ఇదే. 2020 సెప్టెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో లీటరు పెట్రోలు, డీజిలు మీద రూపాయి చొప్పున రోడ్డు అభివృద్ధి సెస్సు వేశారు కదా, ముందు దాని లెక్క అడగండి.

జగిత్యాలవాసి:
సెస్సు లెక్క అడిగేలోపు ప్రాణాలు పోతాయి. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో పరిమితికి మించి జనం ఉన్నారు, కాబట్టి బారియర్ ఉంటే అందరూ బతికేవారని నేను అనను. నేను చెప్పేది వేరు. ఒక్కో కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియాను ప్రభుత్వం వెంటనే ప్రకటించింది, దానికి పద్దు ఎక్కడని ఎవరూ అడగలేదు. చచ్చాక దొరికే పద్దు బతికుండగా దొరకదా?

విశ్రాంత ఇంజనీరు:
ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో చూడకుండా దాని ఖర్చు ఎవరిదో తేలదు. మన రోడ్ల పక్కన ఎక్కువగా కనిపించేది అల మాదిరి మడతలున్న 3 మిల్లీమీటర్ల ఉక్కు రేకు. రెండు మీటర్లకొక స్తంభం ఉంటుంది, రేకు పై అంచు నేల నుంచి సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. బండి తగిలినప్పుడు స్తంభాలు ఒరుగుతాయి, రేకు తాడులా బిగుసుకొని బండిని తిరిగి రోడ్డు వైపు జారుస్తుంది. వంగడమే దాని పని, ఒకసారి వంగిందంటే దాని పని అయిపోయినట్టే. రేకు మధ్యలో తెగితే ఆ కొన తరువాత వచ్చే కారుకు ఎదురుగా ఈటెలా నిలబడుతుంది. గట్టు ప్రయాణికుడు గారు చెప్పిన మలుపులో అలాంటి కొన ఉంటే, ఇసుక బస్తాల కంటే ముందు దానిని విప్పించాలి.

ఎక్కువమంది గమనించనిది ఇంకొకటి చెబుతాను. పాత తారు గీకకుండా పొర మీద పొర వేసుకుంటూ పోతే రోడ్డు లేస్తుంది, బారియర్ ఉన్నచోటే ఉండి పొట్టిదవుతుంది. ఉద్యోగంలో ఉండగా నేనొకచోట టేపు పెట్టి కొలిస్తే 56 సెంటీమీటర్లు వచ్చింది. అంత పొట్టి బారియర్‌ను లారీ మెట్టు ఎక్కినట్టు ఎక్కి అవతల పడుతుంది. ఇది తారు పని వల్ల వచ్చిన లోపం కనుక, ఎత్తు సరిచేసే ఖర్చు తారు పని అంచనాలోనే ఉండాలి తప్ప పంచాయతీ మీద మోపడం అన్యాయం.

ఇక గుద్దిన బండి సంగతి. కారుకైనా లారీకైనా థర్డ్ పార్టీ పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి మామూలుగా ఏడున్నర లక్షల వరకు రక్షణ ఉంటుంది. బారియర్ కూడా ఆస్తే. ఎఫ్ఐఆర్ నకలు, బండి నంబరు, నష్టం అంచనా జతచేసి మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు రోడ్డు యజమానికి ఉంది. ఇరవై మీటర్లు పోతే పదకొండు స్తంభాలు, ఐదారు రేకులు పోయినట్టు. ఆ ధాన్యం లారీ విషయంలో ఎవరైనా ఆ కాగితం పెట్టారా?

జగిత్యాలవాసి:
కాలువలోంచి శవాన్ని తీస్తున్న చోట రేకులు లెక్కపెట్టి బిల్లు రాయమంటారా?

విశ్రాంత ఇంజనీరు:
బిల్లు వెళ్లేది బీమా కంపెనీకి, చనిపోయినవారి ఇంటికి కాదు. బీమా లేని బండి అయితే బిల్లు బండి యజమాని మీద పడుతుందన్న మాట నిజమే, అతను కట్టలేని చోట శాఖ భరించక తప్పదు. అయినా పంచనామా ఎలాగూ రాస్తారు, అందులో విరిగిన స్తంభాల లెక్క ఒక వాక్యంగా చేర్చమనే నేను అడుగుతున్నాను.

గట్టు ప్రయాణికుడు:
లారీ విషయంలో ఎవరూ ఏ కాగితమూ పెట్టలేదు. అడిగి తెలుసుకున్నాను. లారీని క్రేన్‌తో లాగేసి, ధాన్యం వేరే బండికెక్కించి, సాయంత్రానికల్లా వెళ్లిపోయారట.

198ఎ సంగతి విన్నాక నా మాట మార్చుకుంటున్నాను. నిర్వహణ బాధ్యత రోడ్డు ఎవరిదో వారిదే కావాలి, వార్షిక నిర్వహణ అంచనాలో బారియర్ మరమ్మతుకు విడిగా ఒక పద్దు రాయాలి. పంచాయతీ చేయగలిగింది కాపలా. స్తంభాల మీద వరుస నంబర్లు వేయిస్తే, ఏ స్తంభం ఏ రోజు పడిందో, ఏ బండి గుద్దిందో పంచాయతీ కార్యదర్శి ఆ రోజే రోడ్డు శాఖకూ పోలీసు స్టేషనుకూ రాతపూర్వకంగా పంపవచ్చు. పని మాత్రం వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే జరగాలి. పడిపోయిన రేకు ఒకటి ఇంకా కాలువ అడుగున బురదలోనే ఉంది. నీళ్లు వదిలాక దానిని తీయడం కుదరదు, నీళ్లు లేనప్పుడు మనం తీయకపోతే పాత ఇనుము కొనేవాడు తీస్తాడు.

మాజీ సర్పంచ్:
పసుపు పెయింటు డబ్బా, కుంచె పంచాయతీ కొంటుంది, మా వాళ్లతో నేను మాట్లాడతాను. ఆ నంబర్లు అందాయని రోడ్డు శాఖ వారు ముద్ర వేసి రశీదు ఇవ్వాలి. అది లేనిదే ఒక్క స్తంభానికి కూడా రంగు వేయనివ్వను.