ప్రొడక్ట్ మేనేజర్‌కి కోడింగ్ రావాల్సిందేనా?

తోతాపురి_27:
అన్నలూ అక్కలూ, ఒక సలహా కావాలి. తిరుపతిలో ఎంబీఏ చేశాను, నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ప్రొడక్ట్ మేనేజర్ (పీఎం) వైపు, అంటే యాప్‌లో ఏం ఉండాలో, ఏది ముందు చేయాలో తేల్చే పని వైపు మారాలని ఉంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ముందు కోడింగ్ నేర్చుకోమంటున్నారు, ఫీజు అరవై వేలు. మా బావేమో నోరుంటే చాలంటాడు. ఎవరి మాట వినాలి?

రేణిగుంట_జంక్షన్:
కోడింగ్ రావాలి తమ్ముడూ, ఇందులో చర్చే లేదు. పదేళ్లుగా కోడ్ రాస్తున్నాను. పాత కంపెనీలో మా పీఎం "చిన్న బటనే కదా, శుక్రవారానికి ఇచ్చేస్తాం" అని కస్టమర్‌కి మాటిచ్చి వచ్చాడు. ఆ బటన్ కోసం డేటాబేస్‌లో మూడు టేబుళ్లు మార్చాలి, పాత రికార్డులన్నీ సరిచేయాలి. పదకొండు రాత్రులు ఆఫీసులోనే. మా పాప పుట్టెంట్రుకలకి కొండకు తీసుకున్న మూడొందల రూపాయల దర్శనం టికెట్లు వృథా అయ్యాయి. నాలుగు లైన్లు రాయడం వచ్చుంటే ఆ మాట ఇచ్చేవాడే కాదు.

పాల_క్యాను:
నేను పీఎంనే, కోడింగ్ రాదు. అంతకుముందు ఆరేళ్లు చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో పాల సేకరణ సూపర్‌వైజర్‌ని.

పాల కేంద్రాలకని మేమొక యాప్ చేశాం. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు, కేంద్రాల్లో ఒక్కరూ వాడలేదు. సంగతేంటో చూద్దామని పూతలపట్టు దగ్గర ఒక కేంద్రానికి పొద్దున ఐదున్నరకే పోయి కూర్చున్నాను. అక్కడ పాలు పోయించుకునే అక్క చేతులు ఎప్పుడూ తడే. తడి వేలికి ఫోన్ పలకదు. కొంగుతో తుడుచుకుంటుంది, వెన్న శాతం కొడుతుంది, మళ్లీ క్యాను వంచుతుంది. ఒకసారి 3.4 కొట్టబోతే 34 పడింది. వెనక పద్దెనిమిది మంది నిలబడి ఉన్నారు. నాలుగో మనిషికే విసుగొచ్చి ఫోన్ బోర్లించి నోటుబుక్కు తీసింది. ఇంకో సంగతి, రైతులకు చేతిలో స్లిప్పు కావాలి. మెసేజ్ వస్తుంది కదమ్మా అంటే, "అది మా ఆయన ఫోనుకు పోతుంది, నాకేం తెలుస్తుంది?" అంది ఒకావిడ.

వచ్చి యాప్‌లో నింపాల్సిన గడుల్లో పదకొండు తీసేయించాం. పాలలో వెన్న కొలిచే ఎనలైజర్ మిషన్ నుంచి లెక్క నేరుగా పడేలా చేశాం, స్లిప్పు ప్రింటర్ పెట్టాం. కోడింగ్ వస్తే ఇదంతా తెలిసేదా?

రేణిగుంట_జంక్షన్:
లెక్క నేరుగా పడేలా "చేశాం" అన్నారే, చేసిందెవరు?

అలిపిరి_మెట్టు:
కొండ మీద కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టి వేడి పాలు, ఉప్మా పంపిచ్చినోడే అసలైన పీఎం. క్యూ తగ్గలేదు, మన కోపం తగ్గింది.

పాత_కాగితం:
ఈ ఉద్యోగం సబ్బుల దగ్గర పుట్టిందని ఎంతమందికి తెలుసు? 1931లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అనే అమెరికా సబ్బుల కంపెనీలో కేమే సబ్బు ప్రచారం చూసే నీల్ మెకెల్‌రాయ్, ఇంకో ఇద్దరు మనుషులు కావాలని మెమో రాశాడు. ఒక్కో బ్రాండ్ బాగోగులు ఒక్కరే చూడాలని, అమ్మకాలు పడిపోయిన చోటికి పోయి కారణం తెలుసుకోవాలని అందులో ఉంది. ఆయనే 1957లో అమెరికా రక్షణ మంత్రి అయ్యాడు. ఒక్క లైను కోడ్ రాసిందీ లేదు.

రేణిగుంట_జంక్షన్:
సబ్బుకు కోడెందుకు సామీ.

లీలామహల్_సర్కిల్:
పీఎం అంటే మినీ సీఈఓ అంటారు కదా, జీతం కూడా అట్లే ఉంటుందా?

పాల_క్యాను:
ఆ మినీ సీఈఓ మాట వింటే నవ్వొస్తుంది. సీఈఓ తలుచుకుంటే మనిషిని తీసేయగలడు, నాకు ఒకరికి సెలవిచ్చే అధికారం కూడా లేదు. డెవలపర్లు, డిజైనర్లు నా కింద పనిచేయరు. పని ఆగితే తిట్లు మాత్రం నాకే. కాబట్టి ఒప్పించడం రావాలి. అంతకంటే ముందు కాదనడం రావాలి. సేల్స్ వాళ్లు వారానికి పది కోరికలతో వస్తారు, తొమ్మిదింటికి వద్దనాలి. అన్నాక కూడా సాయంత్రం వాళ్లు మనతో టీకి రావాలి. ఇది ఏ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పిస్తారు? యాప్ ఎంతమంది దించుకున్నారని కాదు, మూడో వారంలో ఇంకా ఎంతమంది వాడుతున్నారో అడిగే బుద్ధి ఉండాలి.

రేణిగుంట_జంక్షన్:
మాటలు బాగానే ఉన్నాయి. క్యాన్లు లెక్కపెట్టినవాళ్లు కూడా మేనేజర్లయితే రాత్రిళ్లు మేలుకునేది మేమే.

పాల_క్యాను:
ఇప్పుడు బయటపడింది. మీ బాధ కోడింగ్ గురించి కాదు, నేను ఎక్కడి నుంచి వచ్చానన్నదాని గురించి. అవును, క్యాన్లు లెక్కపెట్టాను. ఏ రైతు పాలు ఎందుకు తగ్గాయో యాప్ లేకుండానే చెప్పేవాణ్ణి.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త తగ్గండి. మనుషుల మీదకు వెళ్తే చర్చ మూసేస్తాను.

రేణిగుంట_జంక్షన్:
క్యాన్ల మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. మా నాన్న కూడా కేంద్రానికి పాలు పోసినవాడే.

అసలు సంగతి చెప్తాను. ఆ పీఎం పోస్టుకి నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ "నీకు కమ్యూనికేషన్ లేదు" అన్నారు. ఇంగ్లీషు గడగడా రాదని చెప్పడానికి ఆ మాట. రెండోసారి నా బదులు తీసుకున్న కుర్రాడే శుక్రవారం బటన్ మాటిచ్చింది. టేబుళ్ల సంగతి తెలిసినవాడు పక్క సీట్లోనే ఉన్నాడు. కోడింగ్ లెక్కలోకి రాదంటే ఇక నా దగ్గర చూపించడానికేముంది?

అలిపిరి_మెట్టు:
ఇది మొదటే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు కదబ్బా.

పాల_క్యాను:
నేనూ మొదటి ఏడాది ఇంగ్లీషు మీటింగుల్లో నోరు తెరవలేదన్నా, ఆ బాధ తెలుసు. మీకు ఆ పోస్టు ఇవ్వాల్సిందే. కానీ ఒకటి ఒప్పుకోను. ఆ కుర్రాడికి కోడింగ్ రాకపోవడం తప్పు కాదు. మాటిచ్చే ముందు మీ సీటు దగ్గరకొచ్చి "ఎన్నాళ్లు పడుతుంది?" అని అడగకపోవడం తప్పు.

రేణిగుంట_జంక్షన్:
చెప్పినా అర్థమవ్వాలి కదా.

పాల_క్యాను:
అర్థం కాకపోతే మళ్లీ అడగాలి.

రేణిగుంట_జంక్షన్:
మళ్లీ అడిగేసరికి శుక్రవారం వచ్చేస్తుంది.

తోతాపురి_27:
అన్నా, ఇంతకీ అరవై వేలు కట్టాలా వద్దా?

పాల_క్యాను:
కట్టొద్దు తమ్ముడూ. ఆదివారం తెల్లారి ఐదింటికి నాతో కేంద్రానికి రా. ఇంట్లో కూర్చుని కాస్త ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి లెక్కలు తీసే భాష) నేర్చుకో, లెక్కలు చూసుకోవడానికి పనికొస్తుంది.

రేణిగుంట_జంక్షన్:
ఎస్‌క్యూఎల్ కోడింగ్ కాదా మరి?